ఫస్ట్ టైమ్ ఫారిన్ పోతున్నారా? దుడ్లు పోయేది టికెట్ దగ్గర కాదు!

తిరుపతిలో ఇప్పుడు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది. "మలేసియాకు వీసా కూడా అక్కర్లేదంటబ్బా, టికెట్ కూడా చౌకేనంట, పోయొద్దామా?" ఇంట్లో మొదటిసారి పాస్‌పోర్ట్ తీసుకునే తరం మనది. కాబట్టి అడగడానికి పెద్దవాళ్ళెవరూ ఉండరు. ఉన్నదల్లా ఫోన్, అందులో రీల్స్.

మా ఇంట్లోనూ, మా వీధిలోనూ పాస్‌పోర్ట్ ఫారాలు నింపే పని ఎప్పుడో నా మీద పడింది. నేను వెళ్ళొచ్చింది కొన్ని దేశాలే. కానీ వెళ్ళేవాళ్ళ కాగితాలు చూసింది మాత్రం చాలా. అవన్నీ చూశాక నాకు అర్థమైంది ఇదీ: టికెట్ మీద ఐదొందలు తగ్గించడానికి రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటాం. ఆ పక్కనే ఉచితంగా దొరికే పనికి ఐదు వేలు కట్టేస్తాం. మన డబ్బు పోయేది ఖరీదైన వాటి దగ్గర కాదు, మనకు తెలియని వాటి దగ్గర. అవేంటో ప్రయాణం వరసలోనే చూద్దాం.

పాస్‌పోర్ట్: ఫీజు 1,500. మరి మిగతాది ఎవరికి?

పెద్దవాళ్ళకు 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్ ఫీజు 1,500 రూపాయలు. 60 పేజీలదైతే 2,000. తత్కాల్‌కు ఇంకో 2,000 అదనం. అంతే. పోలీస్ వెరిఫికేషన్‌కు వేరే ఫీజు లేదు. అయినా మన ఊళ్ళలో "అంతా నేను చూసుకుంటా" అనే మనిషికి నాలుగు వేలు, ఐదు వేలు ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆయన చేసేది ఫారం నింపి స్లాట్ బుక్ చేయడం ఒక్కటే. ఫొటో, వేలిముద్రల కోసం పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి పోవాల్సింది ఎట్లాగూ మీరే. తిరుపతిలోనే కేంద్రం ఉంది.

సైట్ చివర 'గవ్ డాట్ ఇన్' అని ఉందో లేదో చూసుకోండి. లేదా ఎం-పాస్‌పోర్ట్ సేవా యాప్ వాడండి. ప్రయాణం ఖాయం కాకముందే అప్లై చేస్తే తత్కాల్ రెండు వేలూ మిగిలినట్టే.

పదో తరగతి పాసైన సర్టిఫికెట్ తప్పకుండా జతచేయండి. అది లేకపోతే పాస్‌పోర్ట్ 'ఈసీఆర్' కేటగిరీలో వస్తుంది. టూరిస్టుగా పోయేవాళ్ళకు దానితో పెద్ద ఇబ్బంది లేదు. రేపు గల్ఫ్‌లో ఉద్యోగం వస్తే మాత్రం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి.

ఒక్క అక్షరం ఖరీదు

మన జిల్లాలకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపు చాలామందికి ఇంటిపేరు ఉండదు. తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. ఆధార్‌లో ఒక రకంగా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో మాత్రం ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. యూఏఈ 2022 నవంబర్ నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్ట్‌కు విజిట్ వీసా ఇవ్వడం ఆపేసింది. కాబట్టి అప్లై చేసే రోజే ఇనిషియల్‌ను పూర్తి పేరుగా విడదీసి, రెండు గడులూ నింపండి.

తర్వాత టికెట్ మీద కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే, ఉన్న స్పెల్లింగే. మన ఊరి బస్సులో "ఏదో ఒక పేరు రాయన్నా" అంటే నడుస్తుంది. ఇక్కడ పేరు దిద్దాలంటే ఎయిర్‌లైన్‌కు ఫీజు కట్టాలి. ఒక్కోసారి టికెట్టే మళ్ళీ కొనాల్సి వస్తుంది.

ఏ దేశం? ముందు వీసా ఖర్చు చూడండి

మొదటి ట్రిప్పుకే యూరప్ అనుకుంటే వీసా ఫీజు, ఇన్సూరెన్స్, ఇంటర్వ్యూ తిరుగుళ్ళకే సగం బడ్జెట్ కరిగిపోతుంది. దగ్గరి దేశాలతో మొదలుపెట్టండి. మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్ళకు 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఈ సదుపాయాన్ని 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించింది. థాయిలాండ్ కూడా 2024 జూలైలో 60 రోజుల వరకు వీసా అక్కర్లేదంది. ఈ లెక్కలు మారుతుంటాయి, కాబట్టి టికెట్ కొనే రోజు ఆ దేశపు ఎంబసీ సైట్ ఒకసారి చూడటం తప్పనిసరి. నేపాల్‌కైతే పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు, ఓటర్ కార్డు చాలు. భూటాన్‌కూ ఓటర్ కార్డు చెల్లుతుంది. కానీ అక్కడ మనవాళ్ళు రోజుకు 1,200 రూపాయల చొప్పున ప్రభుత్వ రుసుము కట్టాలి. "చౌక దేశం కదా" అని వారం వేసుకుంటే ఒక్కొక్కరికి ఎనిమిది వేల పైన అక్కడే లేస్తుంది.

ప్యాకేజీలో పోతే టికెట్ ధరతో పాటు టీసీఎస్ అని పన్ను పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద 26ఏఎస్‌లో కనబడుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తే లెక్కలో సర్దుబాటు అవుతుంది, లేదా వెనక్కి వస్తుంది. మొదటి ఉద్యోగంలో ఉన్న చాలామంది రిటర్న్ వేయక దాన్ని వదిలేసుకుంటున్నారు.

చెన్నైనా, బెంగళూరా?

రేణిగుంటలో విమానాశ్రయం ఉన్నా, ఫారిన్ ఫ్లైట్ అంటే మనకు చెన్నై లేదా బెంగళూరే. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి వాళ్ళకు చెన్నై దగ్గర. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వాళ్ళకు బెంగళూరు దగ్గర. చిత్తూరు వాళ్ళు రెండు చోట్లా ధర చూసుకోవచ్చు. అయితే టికెట్ ధర ఒక్కటే పోల్చకండి. ఎయిర్‌పోర్టు దాకా పోయే ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి.

తిరుపతి నుంచి సప్తగిరి, గరుడాద్రి లాంటి రైళ్ళు చెన్నై సెంట్రల్‌కు పోతాయి. సెంట్రల్‌లో దిగి అక్కడే మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టు స్టేషన్‌లో దిగొచ్చు. ఇంకా చౌక కావాలంటే సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కి తిరుసూలంలో దిగండి, ఎయిర్‌పోర్టు ఎదురుగానే ఉంటుంది. మన బస్సులు మాధవరం దగ్గర దింపుతాయి. అది ఊరికి ఆ కొస, ఎయిర్‌పోర్టు ఈ కొస. బస్సులో మిగిలింది ఆటోకో క్యాబ్‌కో పోతుంది.

ఇక మన ఆచారం ఒకటుంది. పోయేది ఒక్కరు, సాగనంపడానికి తొమ్మిది మంది. ఇన్నోవా మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని, చెన్నై దాకా అందరూ కదులుతారు. లోపలికి పోయేది మాత్రం టికెట్ ఉన్నవాళ్ళే. మిగతా తొమ్మిది మందీ బయట గేటు దగ్గర చెయ్యి ఊపి వెనక్కి వస్తారు. ఆ బండి బాడుగతో అవతలి దేశంలో రెండు రాత్రులు గది దొరుకుతుంది. "అమ్మా, రైల్వే స్టేషన్ దాకా రా చాలు" అని చెప్పడానికి కొంచెం గుండె గట్టి చేసుకోవాలి, అంతే.

టికెట్: పెద్ద అక్షరాల ధర నమ్మకండి

చౌక ఎయిర్‌లైన్ చూపించే మొదటి ధర ఒట్టి సీటుకే. చెక్-ఇన్ లగేజీ, భోజనం, నచ్చిన సీటు అన్నీ వేరే. చాలా చౌక ఎయిర్‌లైన్లలో చేతి సామాను 7 కిలోలకే అనుమతి. ఆ 7 కిలోలు బ్యాగు బరువుతో కలిపి. ఇంట్లో తూకం వేసుకుని, ఎక్కువైతే ఆన్‌లైన్‌లో ముందే లగేజీ కొనండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర అదే బరువుకు చాలా ఎక్కువ గుంజుతారు. నలుగురు పోతుంటే నలుగురికీ లగేజీ కొనక్కర్లేదు. ఇద్దరికి కొని పంచుకోవచ్చు. బోర్డింగ్ పాస్ వెబ్ చెక్-ఇన్‌లో తీసుకోండి.

సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు తప్పించండి. శుక్రవారం రాత్రి పోయి ఆదివారం రావాలనుకుంటే ఊరంతా అదే అనుకుంటుంది. మంగళ, బుధవారాల ధరలు కూడా పక్కన పెట్టి చూడండి.

ఉచిత ఫారానికి నాలుగు వేలా?

మా బంధువుల అబ్బాయి మలేసియా పోతూ నాకు ఫోన్ చేశాడు. "అరైవల్ కార్డు కూడా అయిపోయిందన్నా, నాలుగు వేలే" అన్నాడు. ఆ కార్డు ఉచితం. గూగుల్‌లో వెతికితే పైన వచ్చిన యాడ్ సైట్‌లోకి పోయాడు. చూడ్డానికి గవర్నమెంట్ సైట్ లాగే ఉంది, జెండా కూడా ఉంది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

గుర్తుపెట్టుకోండి. మలేసియా ఎండీఏసీ, 2025 మే 1 నుంచి వచ్చిన థాయిలాండ్ టీడీఏసీ, సింగపూర్ ఎస్‌జీ అరైవల్ కార్డు, మూడూ ఉచితమే. దిగే ముందు మూడు రోజుల లోపల నింపాలి. ఆ దేశ ఇమిగ్రేషన్ సైట్‌లోనే నింపండి. ఎవరైనా డబ్బు అడిగారంటే అది అసలు సైట్ కాదు. ఒక సంగతి, అరైవల్ కార్డు వీసా కాదు. సింగపూర్‌కు వీసా వేరే తీసుకోవాలి.

కార్డు గీకే ముందు

మన బ్యాంకు కార్డులు పుట్టుకతో దేశంలోనే పనిచేస్తాయి. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధన అది. బయట వాడాలంటే యాప్‌లో ఇంటర్నేషనల్ స్విచ్ మీరే ఆన్ చేసుకోవాలి, లిమిట్ కూడా పెట్టుకోవాలి. తిరిగి రాగానే ఆఫ్ చేసేయండి.

మామూలు కార్డుతో బయట ఖర్చుపెడితే చాలా బ్యాంకులు 3.5 శాతం వరకు మార్కప్ వేస్తాయి. దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. 50,000 ఖర్చుకు మార్కప్ 1,750, జీఎస్టీ 315, కలిపి 2,065 రూపాయలు. మార్కప్ లేని కార్డులూ, ఫారెక్స్ కార్డులూ ఉన్నాయి. నెల ముందే తీసుకుంటే ఆ రెండు వేలూ మీవే.

అక్కడి షాపులో మెషిన్ ఒక తీపి ప్రశ్న అడుగుతుంది. రూపాయల్లో కడతారా, ఇక్కడి కరెన్సీలోనా? రూపాయలు చూడగానే ప్రాణం లేచొచ్చి అదే నొక్కుతాం. నొక్కకండి. రూపాయల్లోకి మార్చే రేటు వాళ్ళు వేసుకుంటారు, అందులో వాళ్ళ లాభం ఉంటుంది. ఎప్పుడూ ఆ దేశ కరెన్సీనే ఎంచుకోండి. ఏటీఎంలోనూ అంతే.

నోట్లు కొంచెం చేతిలో ఉండాలి. మొదటి రెండు రోజులకు సరిపడా తిరుపతిలోనో చెన్నై సిటీలోనో లైసెన్సున్న మనీ ఛేంజర్ దగ్గర మార్చుకోండి, రసీదు అడగండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ రేటు సాధారణంగా అన్నిటికన్నా అధ్వానం. భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్‌లలో కొన్ని చోట్ల మన యూపీఐ కూడా నడుస్తుంది. దాన్నే నమ్ముకుని మాత్రం పోకండి.

దిగాక మొదటి గంట

ఫ్లైట్ దిగిన మొదటి గంటలో మన బుర్ర పనిచేయదు, జేబు మాత్రం తెరిచి ఉంటుంది. అందుకే ఎయిర్‌పోర్టు నుంచి గదికి దారి ఇంట్లోనే చూసి పెట్టుకోండి. కౌలాలంపూర్‌లో ఎయిర్‌పోర్టు నుంచి కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో పోతుంది, టికెట్ 55 రింగిట్లు. బస్సు గంట పైనే పడుతుంది, దాదాపు 15 రింగిట్లు. రింగిట్ అంటే ఇరవై రూపాయల పైమాటే. ఒక్కరికి ఒక వైపే ఎనిమిది వందల తేడా. అక్కడి హోటళ్ళలో విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను కట్టాలి. బుకింగ్ ధరలో అది ఉండకపోవచ్చు. కౌంటర్ దగ్గర గొడవపడొద్దు, అది నిజమైన పన్నే.

బటు కేవ్స్‌కు టూర్ ప్యాకేజీ అక్కర్లేదు. కేఎల్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు కొన్ని రింగిట్లకే గుడి పక్కన దింపుతుంది. మురుగన్ గుహకు ఎక్కడానికి టికెట్ లేదు. మెట్లు 272. అలిపిరి మెట్లెక్కే మనకు అదొక లెక్కా?

ఫోన్‌లో డేటా రోమింగ్ ఇక్కడే ఆఫ్ చేయండి. అక్కడి సిమ్మో ఈ-సిమ్మో తీసుకోండి, లేదా మన కంపెనీ రోమింగ్ ప్యాక్ ముందే వేసుకోండి. మన సిమ్ మాత్రం ఫోన్‌లోనే ఉంచండి, బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే. ఎయిర్‌పోర్టులో ఖాళీ నీళ్ళ బాటిల్ సెక్యూరిటీ దాటించి లోపల నింపుకోవచ్చు.

బ్యాగులో అమ్మ పెట్టినవి

ఆవకాయ చేతి సామానులో పోనివ్వరు, చెక్-ఇన్‌లో వేయాలి. పవర్ బ్యాంక్ దానికి సరిగ్గా తిరగేసి, చేతి బ్యాగులోనే ఉండాలి. లడ్డూ ప్రసాదం తీసుకెళ్తే నెయ్యి, పాల వస్తువుల మీద ఆ దేశం నియమం చూసుకోండి. ఆస్ట్రేలియా లాంటి చోట్ల తినే వస్తువు ఏదున్నా ఫారంలో చెప్పాలి, దాస్తే భారీ ఫైన్.

గసగసాలు మాత్రం మసాలా పొట్లంలో కూడా వద్దు. యూఏఈ, సౌదీ లాంటి దేశాల్లో అవి మత్తుపదార్థాల కిందే లెక్క. ఫైన్‌తో పోదు, జైలు దాకా పోతుంది. "మా ఊరాయనకు ఈ సంచి ఇవ్వు నాయనా" అని ఎవరిచ్చినా విప్పి చూడకుండా తీసుకోకండి. మాత్రలకు డాక్టర్ చీటీ పెట్టుకోండి.

ఒక్కచోట పీనాసితనం వద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్. వారం ట్రిప్పుకు దగ్గరి దేశాలకు అయ్యే ప్రీమియం ఇద్దరు రెస్టారెంట్‌లో తినేంత. బయటి ఆసుపత్రిలో ఒక్క రాత్రి బిల్లు మన ట్రిప్పంతటి ఖర్చును మించిపోతుంది.

ఉద్యోగానికి పోయేవాళ్ళు ఇది తప్పక చదవాలి

ఇప్పటిదాకా చెప్పింది సరదా ప్రయాణం. మన రాయలసీమలో మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళలో ఎంతోమంది సరదాకు పోవట్లేదు. పీలేరు, రాయచోటి, మదనపల్లె, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే అక్కలు, అమ్మలు ఉన్నారు. వాళ్ళకు తెలియక పోయేది నాలుగు వేలు కాదు, రెండేళ్ళ కష్టం.

మాకు తెలిసిన ఒకామె ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టి పోయింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే నెలకు 3,600 వడ్డీకే. రెండేళ్ళకు 86,400. అసలు అలాగే ఉంటుంది. ఆమె పోయాక వాళ్ళబ్బాయి కాగితాలు తెచ్చి చూపించాడు. రసీదు లేదు, ఏజెంటు లైసెన్స్ నంబర్ లేదు.

చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానికి 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వానికి ఓమ్‌క్యాప్ అనే సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాలకు పంపేది. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల బీమా వస్తుంది. ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. "ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తాం" అంటే ఆ బీమా లేదు, కాంట్రాక్టు లేదు, గొడవైతే చూపించడానికి కాగితం లేదు.

కుర్రాళ్ళకు ఇంకో వల ఉంది. థాయిలాండ్, కంబోడియాలలో డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం, వీసా గొడవ లేదు అని ఫోన్‌కే వస్తుంది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? ఏజెంట్లకు డబ్బు కట్టి మరీ కంబోడియా పోయిన మన రాష్ట్రం కుర్రాళ్ళ చేత అక్కడ సైబర్ మోసాలు చేయించారు. టూరిస్టుగా రానిచ్చే దేశం ఉద్యోగం చేయనిచ్చినట్టు కాదు. అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090కు పోయే ముందే ఫోన్ చేయండి.

ఇది చదువుతున్న మీకు ఏ సైట్ అసలుదో, ఏది యాడో కనిపెట్టడం రెండు నిమిషాల పని. కువైట్ కాగితాల మీద సంతకం పెట్టే పిన్నికి అది తెలియదు. అడగడానికి మొహమాటపడుతుంది కూడా. మీ ఇంట్లో అట్లా ఎవరైనా బయలుదేరుతుంటే, దుడ్లు చేతులు మారకముందే, "పిన్నీ, ఆ ఏజెంటు పేరు చెప్పు, ఒకసారి చూస్తా" అని మీరే అడగండి.